నక్క తోక తొక్కి రండి: మా దుకాణం ముందు పని డైరీ

ఆషాఢం, తొలి వానలు

అనుకున్న పని రెండు ముక్కలు. మా జిరాక్స్ దుకాణం గడప ముందు నేలలో ఒక నక్క తోకను పోయించడం ఒకటి. పక్క గోడకు ఒక నల్లబల్ల పెట్టించడం రెండోది. లోపలికి వచ్చేవాళ్ళు తోక తొక్కుతూ రావాలి. బయటికి పోయేవాళ్ళు ఆ రోజు తమకు కలిసొచ్చిన చిన్న సంగతి ఒకటి బల్ల మీద రాసి పోవాలి.

ఎందుకని మా ఆయన అడిగారు. మహబూబ్‌నగర్‌లో మా దుకాణానికి ఎవరూ సంతోషంగా రారు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, రేషన్ కార్డులో తప్పుపడిన పేరు, పాసుపుస్తకంలో భూమి గుంటల లెక్క తేడా, హాల్ టికెట్టు మీద మసకబారిన ఫొటో. "రెండు కాపీలు చాలా, మూడు తీయాలా?" అని అడిగే గొంతులోనే ఆఫీసులో ఏమవుతుందోనన్న గాబరా వినిపిస్తుంది. యంత్రం వేడెక్కేదాకా వాళ్ళు గోడ వైపు చూస్తూ నిలబడతారు. ఆ గోడ మీద ఇప్పుడున్నవి కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, 'ఇక్కడ మూత్రం పోయరాదు' అన్న హెచ్చరిక. వాళ్ళ కళ్ళకు ఇంతకంటే మంచిది ఏదైనా కనిపించాలి కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, అడ్డూ చెప్పలేదు. మా ఇంట్లో దాన్ని అనుమతి అంటారు.

గోడ సంగతి

బోర్డులు రాసే పెయింటరు అన్నను పిలిపించాను. ఫ్లెక్సీలు రాకముందు మా వీధి దుకాణాల పేర్లన్నీ ఆయన చేతి రాతే. ఇప్పుడు పెళ్ళిళ్ళప్పుడు ఇళ్ళ గోడల మీద వధూవరుల పేర్లు, ఎన్నికలప్పుడు గుర్తులు. మిగతా కాలమంతా చేతులు ఊరికే ఉంటాయని ఆయనే చెప్పుకుంటారు.

గోడను తట్టి చూసి, జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి, "రేపు చూద్దాం చెల్లె" అని వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి కవరు లోపలి వైపు సన్నటి నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. "పడమటి గోడ కదా, నైరుతి జల్లంతా దీనికే కొడుతుంది. దీని మీద నల్లరంగు వేస్తే బొబ్బలెక్కి ఊడొస్తుంది" అన్నారు. గోడ పీల్చుకున్న చెమ్మ ఎండకు బయటపడాలని చూస్తుంది. రంగు పొర దానికి అడ్డుపడుతుంది. చెమ్మతో పాటు లోపలి ఉప్పు పైకి పొంగి ఆ పొరను తోసేస్తుంది. ప్లైవుడ్ బిగిద్దామంటే వానకు అది ఉబ్బిపోతుంది.

చివరికి మార్గం కూడా ఆయనే చూపించారు: కడప బండ. వంటింటి గట్టుకు వేసే నల్లటి నాపరాయే. గట్టుకు వాడేది అద్దపు నునుపు తేలి ఉంటుంది, దాని మీద సుద్దముక్క జారుతుంది. పాలిష్ పట్టనిది తెస్తే గరుకు కాస్త తగ్గించుకుంటే చాలు, పలక తయారు.

జడ్చర్ల రోడ్డు వైపు బండల దుకాణంలో 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్నది దొరికింది. బరువు 50 కిలోలకు కొంచెం తక్కువ. ఆటోలో తెచ్చుకునేటప్పుడు బండను పడుకోబెట్టకూడదు, నిలబెట్టే తేవాలి. పడుకోబెడితే గతుకుల్లో మధ్యకు విరుగుతుంది. ఆటో అబ్బాయికి ఈ సంగతి ముందే తెలుసు. నేను చెప్పబోయేసరికి నా వైపు జాలిగా చూశాడు.

బండ సాన

పని ఎక్కువ ఇక్కడే పట్టింది. కార్బొరండం రాయితో నీళ్ళు పోస్తూ రుద్దాం. తర్వాత 220 నంబరు నీటి కాగితం, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం. చేత్తో నిమిరితే గరుకు తెలియాలి, గోరుతో గీరితే గోరు ఆగకూడదు. పెయింటరు అన్న పెట్టిన కొలత ఇది.

ఆరాక బండ నలుపు బూడిద రంగుకు తిరిగింది. వంటింటి గట్టుకైతే నూనె పట్టించి నలుపు తెప్పిస్తారు. ఇక్కడ ఆ పని కుదరదు, నూనె తగిలిన చోట సుద్ద పట్టదు. చిన్నప్పుడు పలకకు బొగ్గుపొడి, దొండాకు కలిపి తోమిన జ్ఞాపకం మా ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. పెరటి పందిరి నుంచి దొండాకు తెచ్చి ఒక మూల రుద్ది చూశాం. ఆకుపచ్చ వాసన బడి రోజులను పిలుచుకొచ్చింది, నలుపూ బాగానే వచ్చింది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే వాసనా లేదు, నలుపూ లేదు. బూడిద రంగుతోనే సరిపెట్టుకున్నాం. తెల్ల సుద్దకు ఆ తేడా చాలు.

కొత్త బండ మీద వెంటనే రాయకూడదు. మొదటి రాతలోని పొడి రాతి సన్నటి రంధ్రాల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది, ఎంత తుడిచినా ఆ అక్షరాల నీడ కనిపిస్తూనే ఉంటుంది. అందుకని సుద్దముక్కను అడ్డంగా పెట్టి బండంతా తెల్లబడేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేశాం. రంధ్రాలన్నీ ఒకే తీరున నిండితే ఏ ఒక్క మాటా మిగతావాటి కంటే ఎక్కువ కాలం నిలవదు.

గోడ పాత ఇటుకది. బోల్టులు అంత బరువు మోస్తాయన్న నమ్మకం మేస్త్రీకి లేదు. గోడ కిందుగా రెండడుగుల ఎత్తున ఇటుకలతో సన్నటి అరుగు కట్టి, బండను దాని మీద నిలబెట్టాడు. పైన రెండు ఇనుప పట్టీలు బండ ముందుకు తూలకుండా పట్టుకుంటాయి. రెండో తరగతి పిల్లలకు కూడా కింది వరుస అందుతుంది. పైన రేకు వాలుగా బిగించాం.

తోక

గడప ముందున్నవి షాబాదు బండలు. కట్టరుతో అంగుళం లోతున గాడి తీయించాను. పొడవు ఐదడుగులు, మధ్యలో లావు, చివర సన్నం, ఒక వంపు. సిమెంటులో ఎర్ర ఆక్సైడ్ కలిపి గాడి నింపారు. మామూలుగా ఎర్ర ఆక్సైడ్ నేలను తాపీతో మెరుపు తేలేదాకా రుద్దుతారు. గడప దగ్గర అంత నునుపు ఉంటే వానలో జారి నడుము విరుగుతుంది. తోక తొక్కినవాళ్ళకు అదృష్టం పట్టాలి కానీ కట్టు పడకూడదు కదా. తడి ఆరకముందే పాత దువ్వెనతో పొడవునా గీతలు గీశాం. కాలికి పట్టు దొరికింది, తోకకు వెంట్రుకలూ వచ్చాయి. తడి గోనెపట్టా కప్పి వారం రోజులు నీళ్ళు కొట్టాం.

చివర ఏ రంగు అన్న దగ్గర రభస జరిగింది. పెయింటరు అన్న ఫోనులో బొమ్మ చూసి తెల్ల సిమెంటు పెట్టారు. అప్పుడే భూమి కాగితాలకు వచ్చిన గొర్రెల కాపరి పెద్దాయన కర్రకు ఆనుకుని చూసి, "ఇది ఏ దేశపు నక్క?" అని అడిగాడు. మా గుట్టల్లో తిరిగే గుంటనక్కకు తోక కొస నల్లగా ఉంటుంది. తెల్ల కొస చలి దేశాల ఎర్ర నక్కది. ఆయన ముప్పై ఏళ్ళుగా రాత్రుళ్ళు మంద దగ్గర కాపలా పడుకున్న మనిషి. వాదించడానికి మా దగ్గర ఏమీ లేదు. తెల్లది తవ్వించి నల్ల ఆక్సైడ్ పోయించాం. "నిజం నక్క అయితే తోక తొక్కేదాకా ఆగదు. తొక్కావంటే నీ కాలు దానిది" అని కూడా చెప్పి, జాగ్రత్తగా పక్కనుంచి దాటి లోపలికి వచ్చాడు.

తోక బయట ఉంది కాబట్టి ముఖం లోపల ఉండాలని పెయింటరు అన్న పట్టుబట్టారు. కౌంటరు కింది చెక్క మీద నక్క ముఖం వేశారు. ఎవరో ఇప్పుడే తోక తొక్కినట్టు చెవులు వెనక్కి పెట్టి, పళ్ళు బిగించి, పైకి చూస్తోంది. లోపలికి వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూస్తారు, తర్వాత వెనక్కి తిరిగి తాము దేని మీద నుంచి వచ్చారో చూస్తారు. ఆ క్షణంలో వాళ్ళ ముఖాలు చూడటానికే కౌంటరులో కూర్చోవచ్చు.

శ్రావణం

బల్ల తెరిచాం. పైన పెయింటరు అన్న ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: 'ఈ రోజు మీకు కలిసొచ్చింది ఏమిటి?'

ఎవరూ రాయలేదు.

కాలేజీ పిల్లలు హీరోల పేర్లు రాశారు. ఒకరు రెండు ఇంగ్లీషు అక్షరాల మధ్య గుండె బొమ్మ వేశారు, మరొకరు వచ్చి రెండో అక్షరం మార్చిపోయారు. పెద్దవాళ్ళు చదివి, నవ్వి, సుద్దముక్క చేతిలోకి తీసుకుని, మళ్ళీ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు. ఎందుకని ఒక అవ్వను అడిగాను. మనవడికి ఉద్యోగం వచ్చిందని ఆ పూటే లోపల నాతో చెప్పి, చేతిలో లడ్డు పెట్టిన మనిషి ఆమె. "నీతో చెప్పడం వేరు, గోడకు చెప్పడం వేరు బిడ్డా. మంచి జరిగినప్పుడు నోరు మూసుకుని ఉండాలి. నలుగురి కళ్ళూ పడితే ఏముంటుంది?" అంది.

దిష్టి. నిజానికి ఇందులో వింత లేదు. బిడ్డ ముద్దుగా ఉంటే బుగ్గన నల్ల చుక్క పెడతాం. ఇల్లు కడుతుంటే దిష్టిబొమ్మ వేలాడదీస్తాం. కొత్త బండికి గుమ్మడికాయ కొడతాం. ఎలా ఉన్నావంటే బాగున్నానని గట్టిగా చెప్పం, 'ఏదో నడుస్తోంది' అంటాం. అలాంటి మనుషులను వీధి గోడ మీద తమ అదృష్టం రాయమంటే ఎలా రాస్తారు? దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. లేనివాడి ముందు ఉన్నది చూపించకూడదన్న మర్యాద కూడా ఇందులో ఎక్కడో ఉంది.

మొదటి మందు మా ఆయన చెప్పారు: బల్ల మీద నిమ్మకాయ, మిరపకాయలు కట్టమని. కట్టాను. కొందరికి ధైర్యం వచ్చింది. 'కర్నూలు బస్సులో కిటికీ సీటు' అని ఒకరు రాశారు. 'కరెంటు పోయింది, ఫ్యాను ఆగేలోపే వచ్చింది' అని మరొకరు. మూడో శనివారం కొత్త దండ కట్టబోతూ చూస్తే బండ పైఅంచున తెల్లటి మచ్చ కనిపించింది. కుళ్ళిన నిమ్మకాయ రసం కారింది. కడప బండ సున్నపురాయి జాతిది, పులుపు పడితే అది పొంగి రాతిని తినేస్తుంది. ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు, సాన పడితేనే పోతుంది. దండను బండ మీద నుంచి తీసి, రేకు బయటి కొసకు కట్టాం. కడప బండ గట్టు మీద నిమ్మకాయలు కోసేవాళ్ళు కింద ఒక పలక పెట్టుకోండి.

అసలు మందు వేరే దగ్గర దొరికింది. లడ్డు అవ్వ మళ్ళీ వచ్చి, బల్ల చదివి, "ఆ కిటికీ సీటు రాసింది మా వీధి పిల్లే. నేను చూశాను, మెట్టుగడ్డ దాకా తల బయట పెట్టే ఉంది" అని పది నిమిషాలు ఉత్సాహంగా చెప్పింది. సొంత సంగతికి నోరు రాని మనిషికి పక్కవాళ్ళ సంగతి చెప్పడానికి మాటలు చాలడం లేదు. ఆ సాయంత్రమే పెయింటరు అన్నతో పై వరుస చెరిపించి మార్పించాను:

'ఈ రోజు ఎవరికి కలిసొచ్చింది? మీ సంగతి వద్దు, మీరు చూసింది రాయండి. పేర్లు వద్దు.'

రాఖీ తర్వాత

ఇప్పుడు బండ చాలడం లేదు. రాత్రి షట్టరు దించేముందు అన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించి తుడుస్తున్నాను. కొన్ని ఇక్కడ:

'పెట్రోలు బంకు దాకా బండి నెట్టుకుంటూ పోతున్న అన్నకు దిగుడు రోడ్డు వచ్చింది.'

'మా వదినకు రాఖీ రోజు నలుగురు తమ్ముళ్ళూ వచ్చారు. ముంబై నుంచి చిన్నోడు కూడా.'

'టిఫిను బండి దగ్గర చివరి వడ ఒక తాతకు దక్కింది. నేను తాత వెనుక నిలబడ్డాను.'

'బడిలో మా టీచరుకు గొంతు పోయింది. మాకు కలిసొచ్చింది.' దీని కింద పెద్దవాళ్ళ రాతలో: 'టీచరుకు కూడా.'

ఒక్కటి దగ్గర మాత్రం ఆగిపోయాను. 'రేషన్ దుకాణంలో నా ముందున్న అవ్వ వేలిముద్ర మొదటిసారికే పడింది. అవ్వ యంత్రానికి దండం పెట్టింది.' ఇది చదివి నవ్వేవాళ్ళు పాలమూరు వాళ్ళు కాదు. ఈ జిల్లా నుంచి తరాలుగా మనుషులు ముంబై, పుణె వెళ్ళి కంకర మోశారు, సిమెంటు కలిపారు, కాలువలు తవ్వారు. 'పాలమూరు లేబర్' అంటే దేశంలో ఆనకట్టలు కట్టిన చేతులు. రాయి, సున్నం, సిమెంటు వేలి గీతలను అరగదీస్తాయి. వయసు మీద పడ్డాక చర్మం ఎండి మిగిలినవి కూడా సరిగా పడవు. అందుకే యంత్రం 'మళ్ళీ పెట్టండి' అంటుంది. వేలు నీళ్ళతో కడుగుతారు, కొంగుతో తుడుస్తారు, తలకు రాసి కాస్త జిడ్డు పట్టిస్తారు, పక్క వేలు పెడతారు. కంటిపాప చూసే యంత్రమూ ఉంది, దాన్ని ఎప్పుడు బయటికి తీస్తారన్నది వేరే సంగతి. బియ్యం తన పేరు మీదే ఉన్నాయి, తాను తానేనని ఒప్పించాలి. మొదటిసారికే ఒప్పుకున్న యంత్రానికి దండం పెట్టడం నాకు అతిగా అనిపించలేదు. ఎవరో ఇది చూసి, గుర్తుపెట్టుకుని, ఇక్కడిదాకా వచ్చి రాశారు.

వినాయక చవితికి ముందు

'మా మేనమామకు కలిసొచ్చింది. జూరాల గేట్లు ఎత్తారు.'

ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం 600 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. కానీ మా మీద మబ్బు లేకపోయినా మా కాలువలు నిండుతాయి. మహాబలేశ్వరం వైపు కొండల్లో కుంభవృష్టి కురవాలి, కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ ఆనకట్టలు నిండాలి, ఆ తర్వాత కృష్ణ మా జూరాల ఆనకట్టకు చేరుతుంది. పేపర్లో క్యూసెక్కుల లెక్క రోజూ చదివేవాళ్ళున్న ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. ఈ వాక్యం కింద ఒక చిన్న చేతి రాత: 'మహాబలేశ్వరానికి థాంక్స్.'

మర్నాడు ఇంకొకటి: 'పక్క చేను అన్నకు బోరు పడింది. 300 అడుగుల దగ్గర గంగ పొంగింది.' సాయంత్రానికి కింద మరో సుద్ద: 'మా బోరు సన్నబడింది.'

మా కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోనే నిలుస్తాయి. రెండు బోర్లు ఒకే పగులును తాకితే ఒకరి దోసిలి నిండేది పక్కవాడి దోసిలి నుంచే. రెండు వాక్యాలూ ఎవరివో నాకు తెలియదు. పక్క పక్క చేలవాళ్ళో, ఎప్పుడూ కలవని రెండు మండలాలవాళ్ళో. కింది వాక్యం నిబంధనకు విరుద్ధం, సొంత సంగతి రాశారు. చెరిపేయమని మా ఆయన అన్నారు. నేను రెండింటినీ పుస్తకంలోకి ఎక్కించాను, ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి. చిన్న సంతోషాలన్నీ ఎవరికీ నష్టం లేనివని బల్ల చూసి అనుకునేవాళ్ళకు ఆ పేజీ చూపిస్తాను.

భాద్రపదం చివర

ఒక యువకుడు మరణ ధ్రువీకరణ పత్రానికి కాపీలు తీయించుకున్నాడు. వాళ్ళ అమ్మది. బ్యాంకుకు ఒకటి, పింఛను ఆఫీసుకు ఒకటి, భూమికి ఒకటి. మా దుకాణంలో ఇది మామూలే, అలాంటివాళ్ళతో నేను ఎక్కువ మాట్లాడను, చిల్లర మాత్రం ముందే తీసి పెట్టుకుంటాను. అతను తోక తొక్కకుండా దాటి వచ్చాడు, అలాగే దాటి వెళ్ళాడు. బల్ల ముందు చాలాసేపు నిలబడి రాశాడు: 'మా అమ్మకు కలిసొచ్చింది. నిద్రలోనే పోయింది.'

తర్వాత వచ్చినవాళ్ళు ఆ చుట్టూ చోటు వదిలి రాశారు. అనాయాసంగా ప్రాణం పోవాలని మన పెద్దలు కోరుకునేది ఎప్పుడూ వింటూనే ఉంటాం. ఆ కోరిక తీరిందని సంతోషం ప్రకటించే చోటు మాత్రం ఎక్కడా లేదు. దినానికి వచ్చినవాళ్ళు లోగొంతుకతో 'పుణ్యాత్మురాలు, కష్టపడలేదు' అనుకుంటారు, అంతే.

బతుకమ్మ, దసరా

పెత్రమాస నుంచి బండ మీద పూలే పూలు. 'రైలు పట్టాల పక్కన ఎవరూ కోయని గునుగు దొరికింది, మా చిన్నమ్మకు', 'తంగేడు కోసం పోయినవాళ్ళకు పిల్లలమర్రి రోడ్డులో నిండుగా పూచిన చెట్టు'. సద్దుల రోజు ఒకామె ఎరుపు రంగు సుద్ద కావాలని అడిగి, మూల నుంచి మూలకు బతుకమ్మ బొమ్మ వేసిపోయింది. రాయడానికి చోటు మిగల్లేదు. ఎవరూ అడగలేదు.

పిల్లలమర్రి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. వందల ఏళ్ళ మర్రి, ఊడలతో మూడెకరాల దాకా పరుచుకుంది. చెదలు పట్టి, కొమ్మలు విరిగి, 2018లో కాండానికి సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి దేశమంతా చూసింది. లేత ఊడలు నేల దాకా చెక్కుచెదరకుండా దిగడానికి వాటికి గొట్టాలు తొడిగారు. 'పిల్లలమర్రికి కలిసొచ్చింది, కొత్త ఊడ నేల తాకింది' అని ఎవరో రాశారు. మనిషి కాని దాని అదృష్టం మా బల్ల ఎక్కడం అదే మొదలు. దాని తర్వాత కుక్కలు, ఒక దూడ, ఒకసారి పాత స్కూటరు కూడా వచ్చాయి.

దసరా ఉదయం ఒకతను పంజరంలో పాలపిట్టను పట్టుకుని వీధి వెంట వచ్చాడు. జమ్మి దగ్గరికి పోయేముందు పాలపిట్టను చూస్తే ఏడాదంతా శుభమని నమ్మకం, డబ్బిస్తే చూపిస్తాడు. మన రాష్ట్ర పక్షి అది. పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. తోక వైపు చూపించి మా దగ్గర శకునం ఉచితమని చెప్పాను, అతనికి నచ్చలేదు. ఫారెస్టు వాళ్ళకు ఫోను చేస్తానన్నాక పంజరం మీద తువ్వాలు కప్పుకుని వెళ్ళాడు. వదిలేశాడో పక్క వీధిలో చూపించాడో. సాయంత్రం బండ మీద: 'జమ్మికి పోయే దారిలో తీగ మీద పాలపిట్ట. మా తాత కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాడు, అయినా ఎగిరినప్పుడు నీలం చూశాడు.'

కార్తీకం, కురుమూర్తి జాతర

కురుమూర్తి ఉద్దాలు తలకు తాకాయని ముగ్గురు నలుగురి గురించి రాశారు. స్వామి పాదరక్షల ఊరేగింపులో అంత జనం మధ్య తల అందించడం నిజంగానే భాగ్యం. ఒకరు రాశారు: 'ఉద్దాలు అందలేదు కానీ తప్పిపోయిన మా పక్కింటి పిల్లవాడు జాతరలో మిఠాయి దుకాణం దగ్గర దొరికాడు, చేతిలో జిలేబీతో.'

బాలానగర్ సీతాఫలాలు ఈ నెలలో రోడ్ల మీదికి వచ్చాయి. ఈ పండులో అదృష్టం అంటే పక్వం కుదరడమే. ఈ రోజు రాయి, రేపు బాగుంటుంది, ఎల్లుండి పారేయాలి. 'మా అత్తమ్మ కొన్న బుట్టలో అన్నీ ఒకే రోజు పండలేదు, రోజుకు రెండు చొప్పున పండాయి' అన్న వాక్యం ఈ మొత్తం పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టం. అసూయ పడ్డాను కూడా.

తోక మీద ఫిర్యాదులు వస్తున్నాయి. పోటీ పరీక్షలకు చదివే అబ్బాయి ఒకడు ప్రతి దరఖాస్తుకూ తోక తొక్కినా ఫలితం లేదని, చెప్పులతో తొక్కడం వల్ల పని చేయడం లేదేమోనని అన్నాడు. ఇప్పుడు గడప దగ్గర చెప్పులు విప్పుతున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ విప్పుతున్నారు. దుకాణం ముందు చెప్పుల గుట్ట చూసి లోపల పూజ జరుగుతోందనుకుని ఒక పెద్దమ్మ కొబ్బరికాయతో వచ్చింది. కాయ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. పచ్చడి చేశాం.

మార్గశిరం

మెట్టుగడ్డ వైపు టీ హోటలు నడిపే అన్న ఇలాంటి బండే తనకూ కావాలన్నాడు. తోక వద్దట, అక్కడ నేలంతా టీ నీళ్ళే. పెయింటరు అన్న పోయి గోడ కొలిచి వచ్చారు. ఈసారి 5 అడుగుల బండ, అది 60 కిలోల దాకా ఉంటుంది, కాబట్టి అరుగు కూడా ఇంకొంచెం లావుగా కట్టాలి. గోడ తూర్పుది, జల్లు భయం తక్కువ.

అక్కడ అసలు చిక్కు మిర్చి బజ్జీలు. నూనె చేతులతో సుద్ద పడితే రెండు రోజుల్లో బండ మీద ఏదీ అంటదు. బండ పక్కనే చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వేలాడదీయాలి, వారానికి ఒకసారి వాషింగ్ సోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి, నిమ్మకాయ సోడా అమ్మే బల్లను అటు చివరకు జరపాలి అని కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, దీనికి జిరాక్సు డబ్బులు ఎంత అని అడిగాడు.